పప్పు ఎంత తిన్నారు?

(జాతీయ నమూనా సర్వేలో ఇరవై తొమ్మిదేళ్ళు ఇల్లిల్లూ తిరిగి రిటైరైన మా శీర్షిక నిర్వాహకుడు, పేదరికం లెక్కల మీద వచ్చిన ఉత్తరాలకు ఈ నెల జవాబులు రాస్తున్నారు.)

ప్రశ్న: దేశంలో పేదలు 5 శాతమే అని ఒకరు, కాదు 15 శాతం అని మరొకరు టీవీలో కొట్టుకున్నంత పని చేశారు. మా వీధిలో చూస్తే బియ్యం కార్డు లేని ఇల్లే లేదు. ఏది నమ్మాలి? – ఒక పాఠకుడు, నంద్యాల

జవాబు: అన్నీ నమ్మవచ్చు. ఎవరు ఏ ప్రశ్న అడిగారో తెలిస్తే చాలు.

5 శాతం ప్రపంచ బ్యాంకుది. 2025 జూన్‌లో ఆ సంస్థ అతి పేదరికపు గీతను మనిషికి రోజుకు 3 డాలర్లకు మార్చింది. ఆ గీత కింద 2022-23లో మన దేశంలో ఉన్నవాళ్ళు 5.25 శాతమని లెక్క తేల్చింది. డాలరు అనగానే బ్యాంకులో మార్చే డాలరు అనుకోకండి. ఇక్కడి ధరలకు సరిపెట్టి చూస్తే ఆ మూడు డాలర్లు 2021 ధరల్లో సుమారు అరవై రూపాయలు. అందులోనే తిండి, బట్ట, మందు, బస్సు చార్జీ అన్నీ సర్దుకోవాలి.

15 శాతం నీతి ఆయోగ్‌ది. అది డబ్బు జోలికి పోదు. పోషకాహారం, పిల్లల చదువు, మరుగుదొడ్డి, తాగునీరు, వంట ఇంధనం, బ్యాంకు ఖాతా... ఇలా 12 విషయాలు చూస్తుంది. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ఆధారంగా 14.96 శాతం మంది పేదలని చెప్పింది. అంతకు ముందు, 2015-16లో, అది 24.85 శాతం. తగ్గింది, కాదనను. మరుగుదొడ్లూ కరెంటూ వచ్చిన మాట నేను కళ్ళారా చూసినదే. కాకపోతే బ్యాంకు ఖాతా ఉందా అని అడుగుతారు కానీ అందులో ఎంత ఉందని అడగరు. ట్రంకుపెట్టె అడుగున పాత చీర మడతల్లో దాచిన పాస్‌బుక్కులు నేను బోలెడు చూశాను. చాలావాటిలో రెండో పేజీ తెల్లగానే ఉండేది.

ఇక మీ వీధి సంగతి. 2013 ఆహార భద్రతా చట్టం పల్లెల్లో 75 శాతం, పట్టణాల్లో 50 శాతం మంది వరకు చౌక బియ్యం ఇవ్వాలంది. మన రాష్ట్రాలు సొంత ఖర్చుతో మరికొన్ని కార్డులు కలిపాయి. కాబట్టి కార్డు చూసి పేదవాడని, లేదని చెప్పలేం.

అసలు విచిత్రం ఏమిటంటే, ఇప్పుడు దేశానికి తాజా అధికారిక పేదరిక గీతే లేదు. ఆర్థికవేత్త సురేశ్ తెందుల్కర్ కమిటీ పద్ధతిలో 2011-12కు వేసిన గీతే చివరిది: పల్లెలో మనిషికి నెలకు 816 రూపాయలు, పట్టణంలో 1,000. 2014లో రంగరాజన్ కమిటీ దాన్ని పల్లెకు 972కి, పట్టణానికి 1,407కి పెంచమంది. పెంచితే పేదలు 21.9 శాతం నుంచి 29.5 శాతానికి ఎగబాకుతారు. ఆ నివేదికను ఏ ప్రభుత్వమూ నెత్తికెత్తుకోలేదు.

ప్రశ్న: మా ఇంటికి సర్వే అంటూ ఒకమ్మాయి వచ్చి గుడ్లెన్ని తిన్నారు, నూనె ఎంత వాడారు అని గంటల తరబడి అడిగింది. ఎవరికి గుర్తుంటాయి ఇవన్నీ? – ఒక గృహిణి, ఖమ్మం

జవాబు: అమ్మా, ఆ అమ్మాయికి మంచినీళ్ళు ఇచ్చారా? ఇచ్చే ఉంటారు. నా ఉద్యోగమంతా మీలాంటివాళ్ళు ఇచ్చిన మజ్జిగ మీదే నడిచింది.

గుర్తుండవన్న మాట నిజం. అందుకే గడువులు పెట్టారు. బియ్యం, పప్పు అయితే గడిచిన 30 రోజులు. కూరగాయలు, గుడ్లు, మాంసం అయితే 7 రోజులు. బట్టలు, చెప్పులు, బడి ఫీజులు అయితే ఏడాది. మా రోజుల్లో ఇదంతా ఒక్క కూర్చోవడంలో అడిగేవాళ్ళం. పొయ్యి మీద అన్నం మాడిపోయి తిట్లు తిన్న రోజులున్నాయి. 2022-23 నుంచి మూడు విడతలుగా వెళ్ళి అడుగుతున్నారు, అది మంచి మార్పు.

గడువు మారితే పేదల సంఖ్యే మారిపోతుంది. 1999-2000లో తిండి ఖర్చును 7 రోజులకూ 30 రోజులకూ పక్కపక్క గడుల్లో అడగమన్నారు. కర్నూలు జిల్లా పల్లెలో ఒక పెద్దావిడ వారానికి అరకిలో కందిపప్పు అని చెప్పింది. వెంటనే "మరి నెలకు?" అన్నాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి, "నాలుగుతో పెట్టుకో నాయనా, చదువుకున్నవాడివే కదా" అంది. పెట్టుకున్నాను. దేశమంతటా నాలాంటివాళ్ళు అలాగే పెట్టుకుని ఉంటారు. అలా హెచ్చవేసిన నెల ఖర్చు, విడిగా అడిగితే చెప్పేదానికన్నా ఎక్కువ తేలుతుంది. ఖర్చు ఎక్కువ తేలితే పేదలు తక్కువ తేలతారు. పేదరికం 36 శాతం నుంచి 26.1 శాతానికి పడిపోయిందని ఆ సర్వే మీదనే ప్రకటించారు. ఆ తగ్గుదలలో నిజమెంత, గడుల మహిమ ఎంత అని ఆర్థికవేత్తలు ఏళ్ళ తరబడి తగువులాడుకున్నారు. ఆ పెద్దావిడ విసుగుకు అంత విలువ ఉందని నాకు అప్పుడు తెలియదు.

ఇంకో ప్రశ్న ఉండేది: ఇంట్లో అందరికీ రెండు పూటలా తిండి దొరుకుతోందా? పక్కన ఊరి పెద్ద నిలబడి ఉండగా ఏ మగవాడు "లేదు" అంటాడు? ఒక ఇంట్లో ఆయన "దొరుకుతోంది సార్" అంటుంటే, తలుపు చాటున భార్య మెల్లగా తల అడ్డంగా ఊపింది. కాగితం మీద ఒక్కటే గడి, ఇంటి యజమాని మాటే జవాబు. "అవును" అని రాశాను. ఇంటి ఖర్చును ఇంట్లో ఉన్న తలలతో భాగించేస్తాం. చివర్లో, మిగిలితే తినేదెవరో ఆ భాగహారానికి తెలియదు.

ప్రశ్న: పేదరికం ఆర్థిక సమస్య, మానవ హక్కులు చట్టం సంగతి. ఈ రెండింటినీ ఎందుకు కలిపి మాట్లాడతారు? – న్యాయశాస్త్ర విద్యార్థి, తిరుపతి

జవాబు: మీ పాఠాల్లోనే ఉంది బాబూ. రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కు అంటే మర్యాదగా బతకడమని, తిండీ బట్టా నీడా అందులో భాగమని సుప్రీంకోర్టు 1981లో ఫ్రాన్సిస్ కోరలీ కేసులో చెప్పింది. 1985లో బొంబాయి పేవ్‌మెంటు వాసుల కేసులో జీవనోపాధి కూడా అందులోదేనంది. అయినా వాన కాలం పోయాక వాళ్ళ గుడిసెలు తీసేయడానికి ఒప్పుకుంది. పరీక్షలో మొదటి సగం రాసి రెండోది వదిలేయకండి.

నాకు బాగా నచ్చేది 2001 నాటి ఆహార హక్కు కేసు. ఒక పక్క రాజస్థాన్‌లో కరువు, మరో పక్క ప్రభుత్వ గోదాముల్లో ధాన్యం ముక్కిపోతోంది. పౌర హక్కుల సంఘం పీయూసీఎల్ సుప్రీంకోర్టుకు వెళ్ళింది. ఆ ఏడాది నవంబరు 28న ఇచ్చిన ఉత్తర్వుతో బడిలో వండిన భోజనం పిల్లలకు రావలసిన బాకీ అయింది. అంతకు ముందు ఇస్తే ఇచ్చినట్టు, లేకపోతే లేదు. పదేళ్ళ తర్వాత అదే కేసులో ప్రణాళికా సంఘం, పట్టణంలో రోజుకు 32 రూపాయలు, పల్లెలో 26 రూపాయలు ఖర్చుపెట్టగలిగితే పేదవాడు కాడన్నట్టు అఫిడవిట్ వేసి దేశమంతా నవ్వులపాలైంది. పేదవాడికి హక్కు ఉందా అన్న కేసు కాస్తా పేదవాడెవరు అన్న దగ్గర చిక్కుకుంది చూశారా? రెండూ ఎందుకు కలుస్తాయో మీకు ఇంతకన్నా వివరం అక్కర్లేదు.

ఒక మంచి మాట కూడా. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మా అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే మొదలైంది. ఆ తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సామాజిక తనిఖీలు పెట్టింది. మండల కేంద్రంలో షామియానా కింద ప్రజావేదిక, మస్టరు రోలు, అంటే పనికి వచ్చినవాళ్ళ హాజరు పట్టీ, పైకి చదవడం. ఒకసారి ఊరికే చూద్దామని వెళ్ళాను. ఒక పేరు చదవగానే వెనక నుంచి ఒకామె లేచి, "ఆయన పోయి రెండేళ్ళయింది, పనికి ఎట్లా వచ్చినాడు?" అంది. అందరూ గొల్లున నవ్వారు. అధికారి మాత్రం నవ్వలేదు. మా సర్వేలో ప్రశ్నలు మేము అడిగేవాళ్ళం. అక్కడ ఆమె అడిగింది.

ప్రశ్న: మా అత్తగారి వేలిముద్రలు అరిగిపోయాయి. మిషన్ తీసుకోవడం లేదని రెండు నెలలుగా రేషన్ డీలరు బియ్యం ఇవ్వకుండా తిప్పి పంపుతున్నాడు. – ఒక పాఠకురాలు, మహబూబ్‌నగర్

జవాబు: అర్జీ తెల్లకాగితం మీద రాసి, కార్డు నంబరు, తిప్పి పంపిన తేదీలు వేసి, సోమవారం కలెక్టరేటులో ఇచ్చి రసీదు తీసుకోండి. నోటిమాటగా చెప్పి రావద్దు. వేలిముద్ర పడలేదనో ఆధార్ లేదనో బియ్యం ఆపకూడదని కేంద్రం 2017లోనే రాష్ట్రాలకు రాసింది. ఆ ఏడాది జార్ఖండ్‌లోని సిమ్‌డేగా జిల్లాలో, ఆధార్‌తో కలపలేదని కార్డు తీసేసిన ఇంట్లో 11 ఏళ్ళ పిల్ల చనిపోయింది. ఆకలితో అని తల్లి చెప్పింది, మలేరియాతో అని ప్రభుత్వం చెప్పింది. జిల్లా ఫిర్యాదుల అధికారి, రాష్ట్ర ఆహార కమిషన్ ఉన్నది ఇలాంటివాటికే. కంటిపాపతో చూసే మిషన్ ఉందేమో కూడా అడగండి.

ప్రశ్న: ఇన్నేళ్ళు పేదల్ని లెక్కపెట్టారు. ఒక్కరి పేదరికమైనా తగ్గించారా? – పేరు వద్దన్న పాఠకుడు

జవాబు: లేదు. అది నా పని కాదని చెప్పుకుంటూ జీతం తీసుకున్నాను. కుటుంబ వివరాలు బయట పెట్టకూడదని చట్టం. తహసీల్దారుకు కూడా చూపకూడదు. సర్వేకు అది ప్రాణం. కానీ ఇంటి పరిస్థితి అంతా విన్నాక "ఇంతకీ ఏమిస్తారు సార్?" అని అడిగిన ప్రతివాళ్ళకూ చేతులు ఊపి వచ్చేయడం అంత సులువు కాదు.

ఆదోని దగ్గర ఒక వృద్ధుడు మూడు గంటలు ఓపిగ్గా చెప్పి, చివర "బోరింగు నీళ్ళు తాగి కీళ్ళు పట్టేశాయి, అది కూడా రాసుకో" అన్నాడు. దానికి గడి లేదు. ఆఖరి పేజీలో మా అభిప్రాయాలకని కొంచెం ఖాళీ ఉండేది, అక్కడ రాశాను. చదివి వినిపించమన్నాడు. వినిపించాను. "కీళ్ళు కాదు, మోకాళ్ళు" అని దిద్దించాడు.