లండన్‌లో ఒక్క రోజే ఉంటే

చిరంజీవి అమ్మాయికి,

శనివారం పన్నెండు మంది కలిసి లండన్ వస్తున్నామని రాశావు, సంతోషం. కానీ నువ్వు పంపిన లిస్టులో సగం కొట్టెయ్యి తల్లీ. గుంపులో అందరికన్నా నెమ్మదిగా నడిచేవాళ్ళని బట్టే అందరూ నడవాలి. ఫొటోలకీ, టాయిలెట్లకీ, వెనకబడినవాళ్ళ కోసం ఆగడానికీ పట్టే టైము ఏ మ్యాపూ చెప్పదు. బకింగ్‌హామ్ ప్యాలెస్ దగ్గర గార్డుల మార్పిడి మామూలుగా సోమ, బుధ, శుక్ర, ఆదివారాల్లోనే. శనివారం దానికోసం పోకండి.

పొద్దున్నే వెస్ట్‌మినిస్టర్ స్టేషన్‌లో దిగండి. బయటికి రాగానే నెత్తిమీదే బిగ్ బెన్. అక్కడే ఆగిపోకుండా పక్కనే థేమ్స్ నది మీదున్న వంతెన మధ్యదాకా నడిచి వెనక్కి తిరిగితే పార్లమెంటు మొత్తం కనిపిస్తుంది. తర్వాత సెయింట్ జేమ్స్ పార్కు. అక్కడి చెరువులో పెలికన్ పక్షులున్నాయి. మొదటివి 1664లో రష్యా రాయబారి బహుమతిగా ఇచ్చినవి. ట్రఫాల్గర్ స్క్వేర్ మీదుగా కోవెంట్ గార్డెన్‌కి నడిచే వెళ్ళండి. దారిలో ఉన్న లెస్టర్ స్క్వేర్ స్టేషన్ నుంచి అక్కడికి ట్యూబ్ (లండన్ భూగర్భ రైలు) ఎక్కడం దండగ, మూడొందల మీటర్లు కూడా ఉండదు.

మధ్యాహ్నమంతా బ్రిటిష్ మ్యూజియంకే ఉంచండి. ప్రవేశం ఉచితమే అయినా గుంపుగా వస్తున్నారు కాబట్టి ముందే బుక్ చేసుకోండి. అందరూ రోజెట్టా రాయి (ప్రాచీన ఈజిప్టు లిపిని చదవడానికి దారి చూపిన శాసనం) చుట్టూ మూగుతారు, మీరూ చూడండి. కానీ 33ఎ గదికి వెళ్ళకుండా మాత్రం బయటికి రావద్దు. మన అమరావతి స్తూపం శిల్పాలు అక్కడున్నాయి. 1859లో మద్రాసు నుంచి ఓడలో వచ్చినవి. అందులో రెండు వైపులా చెక్కిన ఒక పలక ఉంది, దాని దగ్గర కాసేపు నిలబడండి. ఒకవైపు బోధివృక్షం, దాని కింద ఖాళీ ఆసనం, మొక్కుతున్న జనం. కొన్ని వందల ఏళ్ళ తర్వాత ఇంకెవరో అదే పలకని తిప్పి, రెండోవైపు స్తూపాన్నే సింహాలతో, ప్రాకారంతో సహా చెక్కారు. ఆ గది ఒక్కోసారి మూసి ఉంటుంది, వెళ్ళే ముందు కనుక్కో.

ఇక ట్యూబ్ సంగతి, ఎక్కువ టెన్షన్ వచ్చేది ఇక్కడే. ఒక కార్డు మీద ఇద్దరు వెళ్ళడం కుదరదు. ఎక్కేటప్పుడు స్టేషన్ గేటు దగ్గర దేన్ని (కార్డో, ఫోనో) తాకించారో దిగేటప్పుడూ దాన్నే తాకించాలి. లోపలికి ఫోను, బయటికి కార్డు తాకిస్తే, రెండిట్లో ఉన్నది ఒకే బ్యాంకు కార్డైనా వేర్వేరుగా లెక్కేసి రెండిటి మీదా గరిష్ఠ ఛార్జీ పడుతుంది. ఎస్కలేటర్ మీద కుడిపక్కన నిలబడండి. ఎవరైనా ప్లాట్‌ఫామ్ మీద ఉండిపోయి తలుపులు మూసుకుంటే, ఎక్కినవాళ్ళు తర్వాతి స్టేషన్‌లో దిగి ప్లాట్‌ఫామ్ మీదే ఆగాలి, మిగిలినవాళ్ళు వెనకాల వచ్చే రైలెక్కి అక్కడ దిగాలి. కింద ఫోన్ సిగ్నల్ ఉంటుందో ఉండదో, ఈ మాట పొద్దున్నే అందరికీ చెప్పు.

రోడ్డు అంచున నిలబడి ఫోన్‌లో మ్యాప్ చూడొద్దు. సైకిళ్ళ మీద వచ్చి లాక్కుపోతున్నారు. గోడవైపు జరిగి చూసుకోండి.

శని, ఆదివారాల్లో ట్రాక్ పనులని కొన్ని లైన్లు ఆపేస్తుంటారు. శుక్రవారం రాత్రే చూసుకుని, మీ ప్లాన్ మారితే నాకొక మెసేజ్ పెట్టు.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ