నాన్న జీతం 8 లక్షలు దాటింది, కేంద్ర ఉద్యోగాలకు ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ రాదా?

మీరు రాసిన వివరాలు ఇవి. నాన్నగారు జిల్లా పరిషత్ హైస్కూల్లో స్కూల్ అసిస్టెంట్, జీతం ఏడాదికి 11 లక్షలు. అమ్మగారు గృహిణి. 5 ఎకరాల మాగాణి ఉంది, మేడ మీద పోర్షన్‌కు నెలకు 12 వేల అద్దె వస్తోంది. మీది బీసీ-డి. కేంద్ర ఉద్యోగాల పరీక్ష ఎస్‌ఎస్‌సీ సీజీఎల్‌కు సర్టిఫికెట్ అడిగితే ‘ఆదాయం 8 లక్షలు దాటింది, ఇవ్వం’ అన్నారు.

మీ కులం కేంద్ర ఓబీసీ జాబితాలో ఉంటే మీకు సర్టిఫికెట్ రావాలి. నాన్నగారి జీతం ఈ లెక్కలోకి రాదు, పొలం మీద వచ్చే ఆదాయమూ రాదు. మీ విషయంలో లెక్కించాల్సింది అద్దె ఒక్కటే, అది ఏడాదికి 1,44,000. బ్యాంకు వడ్డీ ఏమైనా వస్తుంటే దాన్నీ కలపండి. ఆ మొత్తాన్నే 8 లక్షలతో పోల్చాలి.

ఇది ఎవరి దయతోనో దొరికే వెసులుబాటు కాదు, మూల ఉత్తర్వులోనే ఉంది. 1992లో ఓబీసీ రిజర్వేషన్లపై సుప్రీంకోర్టు ఇచ్చిన ఇంద్రా సాహ్నీ తీర్పు తర్వాత కేంద్ర సిబ్బంది శాఖ 1993 సెప్టెంబరు 8న 36012/22/93 నంబరుతో ఉత్తర్వు ఇచ్చింది. ఎవరు క్రీమీలేయరో, అంటే ఓబీసీల్లో రిజర్వేషన్ వర్తించని పైస్థాయి కుటుంబాలు ఏవో దాని షెడ్యూల్లో ఆరు విభాగాలుగా ఉంది. ఆదాయ పరీక్ష చివరిది, ఆరోది. జీతాలనూ వ్యవసాయ ఆదాయాన్నీ అందులో కలపకూడదని అక్కడే వివరణ ఉంది. మొదట 1 లక్షగా పెట్టిన పరిమితిని పెంచుతూ వచ్చి 2017లో 8 లక్షలు చేశారు. అంకె మారింది తప్ప ఆ వివరణ మారలేదు. ఇంకోటి, వరసగా మూడేళ్లూ పరిమితి దాటితేనే క్రీమీలేయర్. ఏదో ఒక్క ఏడాది ఆదాయం పెరిగినంత మాత్రాన హక్కు పోదు.

అయినా ఆఫీసుల్లో ఇంత గందరగోళం ఎందుకంటే, 2019లో వచ్చిన ఈడబ్ల్యూఎస్‌కూ (వేరే రిజర్వేషన్ లేని కులాల్లోని పేదల కోటా) అదే 8 లక్షలు పెట్టారు. అక్కడ జీతం, వ్యవసాయం, వ్యాపారం అన్నీ కలుపుతారు. తల్లిదండ్రులతో పాటు అభ్యర్థి సంపాదన, జీవిత భాగస్వామి సంపాదన కూడా చూస్తారు. అంకె ఒక్కటే కావడంతో ఆ లెక్కనే తెచ్చి ఓబీసీ దరఖాస్తుకూ వేసేస్తున్నారు. ఓబీసీలో చూసేది తల్లిదండ్రుల హోదా, వాళ్ల ఆదాయం మాత్రమే. మీరు ఇప్పటికే ఉద్యోగం చేస్తున్నా మీ జీతం లెక్కలోకి రాదు. పెళ్లైన అమ్మాయికి భర్త ఆదాయం చూడరు, పుట్టింటి వివరాలే చూస్తారు. పెళ్లైన అభ్యర్థులను భర్త జీతం స్లిప్పు తెమ్మనడం తప్పు.

ప్రభుత్వ ఉద్యోగుల పిల్లలకు అసలు పరీక్ష జీతం కాదు, పోస్టు. తల్లిదండ్రుల్లో ఒక్కరు నేరుగా గ్రూప్-ఎ (క్లాస్-1) పోస్టులో చేరినా పిల్లలు క్రీమీలేయరే. గ్రూప్-బి అయితే ఇద్దరూ నేరుగా ఆ స్థాయిలో చేరి ఉండాలి, ఒక్కరే అయితే క్రీమీలేయర్ కాదు. తండ్రి గ్రూప్-బిలో చేరి 40 ఏళ్లకు గానీ అంతకుముందు గానీ గ్రూప్-ఎకి వెళ్తే పిల్లలు క్రీమీలేయర్ కిందకు వస్తారు. గ్రూప్-సిలో చేరి చివర్లో పెద్ద పోస్టుకు ప్రమోషన్ వచ్చినవాళ్ల పిల్లలకు ఈ అడ్డంకి లేదు. రిటైరైనంత మాత్రాన హోదా మారదు. మన దగ్గర ఇంకో పొరపాటు తరచూ జరుగుతుంది. సర్వీస్ కమిషన్ పెట్టే ‘గ్రూప్-1, గ్రూప్-2’ పరీక్షల పేర్లనే ఈ గ్రూప్-ఎ, గ్రూప్-బిలుగా అనుకుంటారు. అవి పరీక్షల పేర్లు. చూడాల్సింది పోస్టు వర్గీకరణ. గెజిటెడ్ అయినంత మాత్రాన గ్రూప్-ఎ అయిపోదు. స్కూల్ అసిస్టెంట్, సెకండరీ గ్రేడ్ టీచర్ పోస్టులు గ్రూప్-ఎ కావు.

ప్రైవేటు కంపెనీల్లో, తమ పోస్టులు ప్రభుత్వంలోని ఏ గ్రూపుకు సమానమో తేల్చని సంస్థల్లో పనిచేసేవాళ్ల పిల్లలకు లెక్క వేరుగా పెట్టారు. 2004 అక్టోబరు 14 వివరణ ప్రకారం జీతాన్ని ఒకవైపు, ఇతర ఆదాయాన్ని ఇంకోవైపు విడివిడిగా చూస్తారు. రెండూ కలపరు గానీ ఏ ఒక్కటి మూడేళ్లు పరిమితి దాటినా క్రీమీలేయరే. 15 లక్షల జీతమున్న టీచరు బిడ్డకు వచ్చే సర్టిఫికెట్, అదే జీతమున్న ప్రైవేటు ఉద్యోగి బిడ్డకు రాకపోవడం నా దృష్టిలో న్యాయం కాదు. దీనిమీద కోర్టుల్లో ఏళ్ల తరబడి వాదాలు నడిచాయి. అలాంటి కుటుంబాలవాళ్లు దరఖాస్తు వేసే నాటికి అమల్లో ఉన్న ఉత్తర్వు చూసుకుని అడుగేయాలి.

పొలం విషయంలో ఆదాయం చూడరు గానీ విస్తీర్ణం చూస్తారు. పూర్తిగా నీటివసతి ఉన్న భూమి సీలింగ్ పరిమితిలో (చట్టం ప్రకారం ఒక కుటుంబం ఉంచుకోగల గరిష్ఠ విస్తీర్ణం) 85 శాతం గానీ అంతకు మించి గానీ ఉంటే క్రీమీలేయర్. మన 1973 భూ సంస్కరణల చట్టంలో మాగాణి పరిమితి నేల తరగతిని బట్టి 10 నుంచి 27 ఎకరాలు. అతి తక్కువ తరగతి తీసుకున్నా 85 శాతం అంటే 8.5 ఎకరాలు. మీ 5 ఎకరాలు ఎటు చూసినా దాని లోపే. భూమి పూర్తిగా మెట్ట అయితే ఈ నిబంధన అసలు వర్తించదు. మాగాణి, మెట్ట రెండూ ఉంటే ముందు మాగాణి పరిమితిలో 40 శాతానికి చేరిందా అని చూస్తారు. చేరితేనే మెట్టను మాగాణి కిందకు మార్చి కలుపుతారు, మొత్తం 80 శాతం అయితే క్రీమీలేయర్. మామిడి, నిమ్మ, బత్తాయి తోటలు ఉన్నవాళ్లకూ ఇదే లెక్క.

ఇక దరఖాస్తు. ముందుగా జాతీయ బీసీ కమిషన్ వెబ్‌సైట్‌లో మీ రాష్ట్రం కేంద్ర జాబితా తెరిచి మీ కులం పేరు వెతకండి. రాష్ట్ర బీసీ జాబితాలో ఉన్న ప్రతి కులమూ కేంద్ర జాబితాలో ఉండదు. ఎంతోమంది ఈ ఒక్క పని చేయక పరీక్ష పాసై వెరిఫికేషన్‌లో కూలబడుతున్నారు. కులం పేరు స్పెల్లింగ్ కూడా జాబితాలో ఉన్నట్టే సర్టిఫికెట్‌లో ఉండాలి.

మీసేవలో రాష్ట్ర కుల ధ్రువీకరణ కాదు, కేంద్ర ఉద్యోగాలకు వాడే ఓబీసీ సర్టిఫికెట్ అని చెప్పి దరఖాస్తు పెట్టండి. ‘వార్షిక ఆదాయం’ అన్న గడిలో 11 లక్షలని ఒక్క ముక్కలో రాస్తే అక్కడితోనే కథ ముగుస్తుంది. విడిగా ఒక కాగితం మీద మూడు ఆర్థిక సంవత్సరాలకు జీతం, వ్యవసాయం, అద్దె, వడ్డీ వేర్వేరు వరసల్లో రాసి జత చేయండి. నాన్నగారి హెడ్మాస్టరు లేదా జీతం డ్రా చేసే అధికారి నుంచి సర్వీసు సర్టిఫికెట్ తీసుకోండి. అందులో చేరిన తేదీ, అప్పటి పోస్టు, నేరుగా చేరారా ప్రమోషనా, ఇప్పటి పోస్టు, దాని వర్గీకరణ ఉండాలి. అన్ని కాగితాల్లోకి ముఖ్యమైనది ఇదే. దీనికి మూడేళ్ల ఫారం-16, ఆదాయపన్ను రిటర్నులు, పట్టాదారు పాసుపుస్తకం, 1993 ఉత్తర్వు, 2004 వివరణ కాపీలు కలపండి. జీతం కలపకూడదన్న వాక్యం కింద గీత గీసి ఇవ్వండి. విచారణకు వచ్చే రెవెన్యూ ఇన్‌స్పెక్టరుకు కూడా ఒక సెట్ చేతికివ్వండి, నివేదిక రాసేది ఆయనే.

నోటిమాటగా కుదరదంటే వాదనకు దిగకండి. తిరస్కరణ, కారణం రాతపూర్వకంగా అడగండి. ఆ కాగితంతో ఆర్డీవోకు అప్పీలు చేయండి. ఈలోగా తెలంగాణలో అయితే కలెక్టరేట్‌లో సోమవారం ప్రజావాణిలో, ఏపీలో అయితే ప్రజా ఫిర్యాదుల వేదిక పీజీఆర్‌ఎస్‌లో అర్జీ పెట్టి రశీదు తీసుకోండి.

సర్టిఫికెట్ చేతికొచ్చాక అందులో 1993 సెప్టెంబరు 8 ఉత్తర్వు ప్రస్తావన, మీరు క్రీమీలేయర్ కాదన్న వాక్యం ఉన్నాయో లేదో అక్కడే చూసుకోండి. ఆ వాక్యం లేని రాష్ట్ర నమూనా కేంద్ర ఉద్యోగానికి పనికిరాదు. కులం మారదు గానీ క్రీమీలేయర్ స్థితి ఏడాదేడాదీ మారొచ్చు. అందుకే ఏ ఆర్థిక సంవత్సరాలకు, ఏ తేదీల మధ్య ఇచ్చిన సర్టిఫికెట్ కావాలో నోటిఫికేషన్‌లో చదివి దానికి తగ్గట్టు తీసుకోండి. ఏప్రిల్ దాటగానే కొత్తది తీసి ఉంచుకోవడం మేలు. ఆఖరు తేదీ తర్వాత తెచ్చింది చెల్లకపోతే మిమ్మల్ని జనరల్‌గా చూస్తారు. అప్పుడు 3 ఏళ్ల వయసు సడలింపుతో దరఖాస్తు చేసి ఉంటే అభ్యర్థిత్వమే పోతుంది.

వయసు జనరల్ పరిమితిలోనే ఉంటే ఆ సడలింపు వాడకండి. కేంద్ర నియామకాల్లో 1998 జులై 1 ఉత్తర్వు ప్రకారం వయసు, ప్రయత్నాల సడలింపు వాడుకున్న ఓబీసీ అభ్యర్థికి ఎన్ని మార్కులు వచ్చినా జనరల్ పోస్టులో లెక్కించరు. ఏ సడలింపూ లేకుండా జనరల్ కటాఫ్ దాటితే మీరు జనరల్ పోస్టులోకే వెళ్తారు, ఓబీసీ కోటా పోస్టు ఇంకొకరికి మిగులుతుంది.