కొరియాలో పీహెచ్‌డీకి పంపమంటారా?

ప్రశ్న: మాది నరసరావుపేట. హైస్కూల్లో లెక్కలు చెబుతాను. మాకు ఒక్కతే అమ్మాయి. ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ పూర్తి చేసింది. దక్షిణ కొరియాలో పీహెచ్‌డీ చేస్తానంటోంది. మా బావమరిదేమో కొరియాలో ఫోన్లూ కార్లూ తప్ప ఏముంది, అమెరికాలో ఎమ్మెస్ చేయించండి అంటున్నాడు. గుంటూరులో ఒక కన్సల్టెన్సీ వాళ్లు కొరియాలో స్టెమ్ సెల్ కోర్సుకు మంచి డిమాండ్ ఉంది, ఆరు లక్షలకు సీటు ఇప్పిస్తాం అంటే యాభై వేలు అడ్వాన్సు కట్టాం. చదువు అయ్యేసరికి 28 ఏళ్లు వస్తాయి, పెళ్లి సంగతి ఏమిటో తెలియడం లేదు. ఆడపిల్లకు అక్కడ భద్రత ఎలా ఉంటుందో, చదివాక జీతం ఎంత వస్తుందో కూడా తెలియదు. కొరియా, అమెరికా, హైదరాబాద్ ఈ మూడింటిలో ఏది మేలో పోల్చి చెప్పగలరు. అమ్మాయి ప్రాజెక్టు ఏదో పురుగు కుడితే వచ్చే జ్వరం మీద చేసింది.

జవాబు:

మాస్టారూ, ఫీజులు, పెళ్లి, బావమరిది గారి మాట అన్నీ వివరంగా రాశారు. అమ్మాయి చేసిన పని గురించి మాత్రం చిట్టచివర ఒక్క ముక్క రాశారు. 'ఏదో పురుగు' అన్నారు. నేను అక్కడి నుంచే మొదలుపెడతాను. మీ ప్రశ్నకు జవాబు అందులోనే ఉంది.

ఆ జ్వరం పేరు స్క్రబ్ టైఫస్. ఈమధ్య మన పేపర్లలో చూసే ఉంటారు. పొదల్లో, గడ్డిలో ఉండే కంటికి ఆనని పురుగు కుడితే దాని నుంచి ఒక బ్యాక్టీరియా ఒంట్లోకి చేరుతుంది. కుట్టిన చోట కాలినట్టు నల్లటి మచ్చ పడుతుంది. డాక్టరు ఆ మచ్చను గమనించి వెంటనే డాక్సీసైక్లిన్ ఇస్తే చాలావరకు తగ్గిపోతుంది. గమనించక టైఫాయిడ్ అనో డెంగీ అనో వారం రోజులు గడిపితే ప్రాణం మీదికి వస్తుంది. కొందరికి ఆ మచ్చ కనపడను కూడా కనపడదు.

ఇదే జ్వరం కొరియా పల్లెల్లోనూ ఉంది. అక్కడ దీన్ని త్సుత్సుగముషి అంటారు. అక్టోబరు, నవంబరు నెలల్లో, కోతల కాలంలో, పొలం పనికి వెళ్లే పెద్ద వయసు రైతులకు ఎక్కువగా వస్తుంది. ఏటా వేల కేసులు నమోదవుతాయి. అక్కడ దొరికిన బొర్యోంగ్ అనే రకం బ్యాక్టీరియా పూర్తి జన్యుక్రమాన్ని కొరియా శాస్త్రవేత్తలు 2007లో ప్రచురించారు. అంటే మీ అమ్మాయి సీరియల్స్ చూసి మోజుపడి కొరియా అనడం లేదు. తను పట్టుకున్న జబ్బును ఏళ్ల తరబడి చదువుతున్న ల్యాబులు ఎక్కడున్నాయో వెతుక్కుని అంటోంది. ఈ సంగతి తనను మీరు అడిగారా? అడిగి ఉంటే ఉత్తరం ఇంకోలా రాసేవారు. పదో తరగతి పిల్లాడు లెక్కకు జవాబు ఒక్కటే రాస్తే, ఎలా వచ్చిందో చూపించమని అడుగుతారు కదా. ఇంట్లో అమ్మాయి 'కొరియా' అని జవాబు చెబితే స్టెప్పులు అడగకుండానే తప్పనుకున్నారు. నాకు ఇక్కడ కోపం వచ్చింది, దాచుకోను.

మీ బావమరిది గారి మాట కూడా తేల్చేద్దాం. కొరియా వైద్య పరిశోధన ఫోన్ల కంపెనీల డబ్బుతో మొన్న మొన్న పుట్టింది కాదు. యుద్ధంతో నుసి అయిపోయిన దేశం అది. 1963లో జొంజు ఊళ్లో తొమ్మిదేళ్ల పాప కడుపులోంచి వెయ్యికి పైగా ఏలికపాములు తీశారు. పాప బతకలేదు. ఆ మరుసటి ఏడాదే నులిపురుగుల నిర్మూలనకు ఒక సంఘం పెట్టుకున్నారు. 1966లో చట్టం చేశారు. బడి పిల్లలందరి మలం ఏడాదికి రెండుసార్లు పరీక్షించి మాత్రలు మింగించారు. 1971 సర్వేలో నూటికి 84 మంది కడుపులో పురుగులున్న దేశం, ముప్పై ఏళ్లు తిరిగేసరికి ఆ బెడద నుంచి దాదాపు బయటపడింది. దీని వెనక గొప్ప యంత్రాలేమీ లేవు. స్కూలు టీచర్లు, మైక్రోస్కోపులు, లెక్క రాసిన రిజిస్టర్లు ఉన్నాయి. టీచరుగా మీకు ఈ పని విలువ నాకంటే బాగా తెలుస్తుంది.

ఇంకొకటి. కొరియా యుద్ధంలో వేల మంది సైనికులకు అంతుపట్టని జ్వరం వచ్చింది, రక్తస్రావం, కిడ్నీలు దెబ్బతినడం. కారణం పాతికేళ్లు ఎవరికీ దొరకలేదు. లీ హో వాంగ్ అనే కొరియా శాస్త్రవేత్త సరిహద్దు దగ్గర పొలాల్లో ఎలుకలు పట్టించి, 1976లో వాటి ఊపిరితిత్తుల్లో ఆ వైరస్‌ను కనిపెట్టాడు. అక్కడి హంటన్ నది పేరే దానికి పెట్టారు. మనం హంటావైరస్ అంటున్నది అలా వచ్చిన పేరే. ఎలుకలు పట్టే పనిలో ఆయన మనుషులకు కొందరికి ఆ జబ్బే సోకింది కూడా. ఆ లీ హో వాంగ్ పీహెచ్‌డీ చేసింది అమెరికాలో, మిన్నెసోటాలో. తిరిగొచ్చి ఇంటి దగ్గరి జబ్బు మీద పనిచేశాడు. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

ఇప్పుడు మీరు యాభై వేలు కట్టిన స్టెమ్ సెల్ కోర్సు సంగతి. స్టెమ్ సెల్స్ అంటే ఒంట్లో వేరే రకం కణాలుగా మారగల మూల కణాలు. ఇక్కడ నా అనుమానాలు గట్టిగానే చెబుతాను, ఎందుకంటే ఈ మూడు నాలుగేళ్లుగా నా దగ్గరికి వచ్చే బయాలజీ పిల్లల్లో సగం మంది నోట ఇదే మాట. ఏదో ఒక బ్రోషర్‌లో తెల్లకోటు, నీలం లైటు, 'భవిష్యత్తు ఇదే' అని ఉంటుంది. కొరియాలోనే ఈ రంగంలో ఏం జరిగిందో తల్లిదండ్రులకు ఎవరూ చెప్పరు. 2004లో, 2005లో సియోల్‌లో హ్వాంగ్ వూ సుక్ అనే ప్రొఫెసర్ మనిషి పిండాన్ని క్లోనింగ్ చేసి స్టెమ్ సెల్స్ తీశానని ప్రపంచం మొత్తం మెచ్చుకున్న పేపర్లు రాశాడు. దేశం ఆయన్ను నెత్తిన పెట్టుకుంది. ఆ ఫలితాలు కల్పితమని తేలి 2006 జనవరిలో రెండు పేపర్లూ రద్దయ్యాయి. ప్రయోగానికి అండాలు ఇచ్చినవాళ్లలో ఆయన ల్యాబ్‌లోని జూనియర్ అమ్మాయిలు కూడా ఉన్నారు. ఆడపిల్ల తండ్రిగా మీరు భద్రత గురించి అడిగారు కదా, ల్యాబులో ప్రొఫెసర్‌కు కాదని చెప్పలేని పరిస్థితి ఎంత దూరం వెళ్తుందో ఇది చూపిస్తుంది. అదే సమయంలో ఇంకో సంగతీ చెప్పాలి. దీన్ని బయటపెట్టింది కూడా అక్కడి కుర్రవాళ్లే. ఆ ల్యాబ్‌లో పనిచేసిన ఒక యువకుడు టీవీ వాళ్లకు సమాచారం ఇచ్చాడు. పేపర్లో ఒకే ఫొటోను రెండు చోట్ల వాడారని యువ శాస్త్రవేత్తలు పట్టుకున్నారు.

పోనీ అది పాత కథ అందామా అంటే, 2017లో అక్కడే మోకాళ్ల అరుగుదలకు అనుమతి పొందిన ఒక కణ చికిత్స ఉంది. అందులో ఉన్నాయని చెప్పిన మృదులాస్థి కణాలకు బదులు కిడ్నీ నుంచి వచ్చిన కణాలున్నాయని తేలి, 2019లో దాని అనుమతి రద్దు చేశారు. స్టెమ్ సెల్ పరిశోధన అంతా మోసమని నేను అనను. నిజాయితీగా చేసేవాళ్లు చాలామంది ఉన్నారు. కానీ ఆరు లక్షలు తీసుకుని సీటు ఇప్పిస్తామనేవాడికి ఆ నిజాయితీపరుల ల్యాబులతో సంబంధం ఉండే అవకాశం చాలా తక్కువ. మంచి ల్యాబ్ పీహెచ్‌డీ విద్యార్థికి తనే స్టైపెండ్ ఇస్తుంది. పీహెచ్‌డీ చేయడానికి మీరు ఎదురు డబ్బు కడుతున్నారంటే ఎక్కడో తేడా ఉంది. ఆ అడ్వాన్సు ఈ వారమే వెనక్కి అడగండి. ఇవ్వకపోతే పోయిందనుకోండి, మిగతా ఐదున్నర లక్షలు దక్కినట్టే.

నిజానికి కొరియా దగ్గర నేర్చుకోవాల్సిన గొప్ప పని జన ఆరోగ్యం మీద జరుగుతుంది. 1989 నుంచి దేశంలో అందరికీ ఆరోగ్య బీమా ఉంది. 2000 నుంచి ఆ బీమా ఒకే సంస్థ చేతిలో ఉంది. దాంతో కోట్ల మంది జబ్బులు, మందుల రికార్డులు ఒకచోట దొరుకుతాయి. ఆ లెక్కల్లో వాళ్ల తప్పులు కూడా కనపడ్డాయి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు కూడా మెడ స్కానింగ్ చేయడం అలవాటై, 2011 నాటికి థైరాయిడ్ క్యాన్సర్ కేసులు 1993తో పోలిస్తే పదిహేను రెట్లయ్యాయి. చావుల సంఖ్య మాత్రం మారలేదు. అనవసరంగా గొంతులు కోస్తున్నామని 2014లో అక్కడి డాక్టర్లే గళం ఎత్తారు. ఏడాదిలో ఆపరేషన్ల సంఖ్య దాదాపు మూడో వంతు తగ్గింది. 2015లో మెర్స్ అనే ఊపిరితిత్తుల వైరస్ జబ్బు వచ్చి 186 మందికి సోకి 38 మంది చనిపోతే, ఆ దెబ్బతో అత్యవసర సమయంలో టెస్ట్ కిట్లకు త్వరగా అనుమతి ఇచ్చే ఏర్పాటు చేసుకున్నారు. 2020లో కరోనా పరీక్షలు అంత వేగంగా చేయగలిగింది అందుకే.

కొరియాలో ఇబ్బందులూ ఉన్నాయి. 2024లో అక్కడి ప్రభుత్వం పరిశోధన బడ్జెట్‌ను దాదాపు 15 శాతం కోసింది. ప్రాజెక్టు డబ్బుల్లోంచి స్టైపెండ్ తీసుకునే పిల్లలు చాలా టెన్షన్ పడ్డారు. తర్వాతి ఏడాది చాలావరకు తిరిగి పెంచారనుకోండి. రెండోది భాష. నేను సలహా ఇచ్చిన ఒంగోలు కుర్రాడు ఒకడు, ల్యాబ్ వెబ్‌సైట్ ఇంగ్లిష్‌లో చక్కగా ఉందని చూసి వెళ్లాడు. తీరా చూస్తే వారం వారం మీటింగులు మొత్తం కొరియన్‌లోనే. ఎనిమిది నెలలు మూగవాడిలా కూర్చుని ల్యాబ్ మారాడు. వెళ్లే ముందు ఆ ఒక్క ప్రశ్న అడిగించకపోవడం నా తప్పే. అప్పటి నుంచి ఎవరినీ అడగకుండా పంపడం లేదు. మూడోది, ప్రొఫెసర్ అంటే అక్కడ పెద్ద గౌరవం, పెద్ద భయం కూడా. క్యోసునిమ్ (అంటే ప్రొఫెసర్ గారు) ల్యాబ్‌లో ఉంటే విద్యార్థి ఇంటికి వెళ్లడానికి వెనకాడే చోట్లు ఇంకా ఉన్నాయి.

అందుకని అమ్మాయి ఏ ల్యాబ్‌కు మెయిల్ రాసినా ప్రొఫెసర్‌ను, అక్కడి పాత విద్యార్థులను నాలుగు సంగతులు అడగాలి. మీటింగ్ ఏ భాషలో జరుగుతుంది, గత ఐదేళ్లలో పీహెచ్‌డీ చేసినవాళ్లకు ఎన్నేళ్లు పట్టింది, వాళ్లిప్పుడు ఎక్కడున్నారు, స్టైపెండ్ యూనివర్సిటీ స్కాలర్‌షిప్పా ప్రొఫెసర్ ప్రాజెక్టు డబ్బా. విదేశీ విద్యార్థి ఒకరైనా ఉన్న ల్యాబ్ అయితే నేరుగా ఫోన్లో మాట్లాడించండి. కొరియా ప్రభుత్వ స్కాలర్‌షిప్ జీకేఎస్ వస్తే విమానం టికెట్, ఫీజు, నెల ఖర్చు ఇవ్వడమే కాక ముందు ఒక ఏడాది భాష నేర్పిస్తారు. దేజాన్ నగరంలో ప్రభుత్వ పరిశోధనా సంస్థల్లోనే చదివించే యూఎస్‌టీ అనే యూనివర్సిటీ ఉంది. దాన్ని కూడా చూడమనండి.

పోల్చి చెప్పమన్నారు. అమెరికాలో ఎమ్మెస్ అంటే మీరు అప్పు చేయాలి, పరిశోధనకు దగ్గర దారి కూడా కాదు. పీహెచ్‌డీకి అక్కడా స్టైపెండ్ ఇస్తారు గానీ, 2025లో నిధుల కోతలతో కొన్ని యూనివర్సిటీలు సీట్లు తగ్గించాయి. హైదరాబాద్‌లో సీసీఎంబీ అనే కేంద్ర ప్రభుత్వ జీవశాస్త్ర పరిశోధనా సంస్థ ఉంది. జేఆర్ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ వస్తే నెలకు 37 వేలు, అప్పు అక్కర్లేదు. అసలు ఇదే జ్వరం ముదిరినవాళ్లకు డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ రెండూ కలిపి ఇస్తే ఒక్కదానికంటే మేలని 2023లో రుజువు చేసింది మన దేశపు ఆస్పత్రుల్లోని డాక్టర్లే. కాబట్టి అమ్మాయి మనసు రోగి మంచం దగ్గరి ప్రశ్న మీద ఉంటే వేలూరు లాంటి చోట్లు కొరియా కంటే మంచివి. బ్యాక్టీరియా ఒంట్లో ఎలా దాక్కుంటుంది, టీకా ఎందుకు రావడం లేదు అన్నదాని మీద ఉంటే కొరియా మంచి ఎంపిక. ఈ రెండింటిలో ఏదో నేను చెప్పలేను, మీరూ చెప్పలేరు. తననే అడగాలి.

ఇక మీరు అడగని ప్రశ్న. 'ఒక్కతే అమ్మాయి' అని రాశారు. జీతం, పెళ్లి, భద్రత అని మూడు పేర్లు పెట్టారు గానీ, వెళ్లిన పిల్ల తిరిగి వస్తుందా అన్నది మీ అసలు బెంగ. నేనూ తండ్రినే, అర్థం చేసుకోగలను. మాట ఇవ్వలేను గానీ ఒకటి చెబుతాను. సియోల్‌లో అంతర్జాతీయ వ్యాక్సిన్ సంస్థ ఒకటి ఉంది, 1997లో పెట్టారు. కలరాకు నోటి ద్వారా ఇచ్చే టీకాను వియత్నాం నుంచి తీసుకుని మెరుగుపరిచి, వాళ్లు మొదట ఇచ్చింది ఎవరికో తెలుసా? హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్‌కు. కోల్‌కతాలో పరీక్షించారు. 2009లో మన దేశంలో అనుమతి వచ్చింది. ఆ తర్వాతే ఒక కొరియా కంపెనీ కూడా దాన్ని తయారుచేయడం మొదలుపెట్టింది. సియోల్‌కూ హైదరాబాద్‌కూ మధ్య దారి ఎప్పుడో పడింది. స్క్రబ్ టైఫస్ మీద చేయి తిరిగిన మనిషికి పని ఉండేది జబ్బు ఉన్నచోటే. అది పల్నాడులో ఉంది. లీ హో వాంగ్ గురించి ఇందాక చెప్పింది ఇందుకే.

పెళ్లి విషయంలో ఒక్క మాట. 28 ఏళ్ల అమ్మాయి, చేతిలో పీహెచ్‌డీ, తన ఖర్చు తను పెట్టుకోగలదు. దీన్ని లోటుగా చూసే సంబంధం మీ ఇంటికి రాకపోవడమే మంచిది. ఇప్పటి నుంచే తనతో ఆ ప్రస్తావన తెచ్చి గడువులు పెట్టకండి. ఈ నెల తను ప్రొఫెసర్లకు మెయిళ్లు రాయాలి. ఆ పని ప్రశాంతంగా చేసుకోనివ్వండి.

రేపు ఆదివారం తన ప్రాజెక్టు రిపోర్టు తెచ్చి మీకు, వాళ్లమ్మకు తెలుగులో చెప్పమనండి. మధ్యలో ఆపకుండా వినండి. అర్థం కానిచోట మీ క్లాసులో పిల్లలు అడిగినట్టు అడగండి. ఆ తర్వాత తను రాసిన మొదటి మెయిల్ పంపేముందు నాకు చూపించమని చెప్పండి. దిద్ది పెడతాను, ఫీజు అక్కర్లేదు.