మూడో అధ్యాయం దగ్గర ఆగిన నవల

ప్రశ్న: నేను డిగ్రీ పూర్తిచేసి రెండేళ్లయింది. వానలు లేక సేద్యం వదిలి బెంగళూరుకు వలసపోయిన ఒక కుటుంబం గురించి నవల రాస్తున్నాను. మొదటి రెండు అధ్యాయాలను తొమ్మిదిసార్లు తిరగరాశాను. మూడో అధ్యాయంలో వాళ్లు నగరం చేరాలి. అక్కడ కలం ఆగిపోయింది. పైగా సంభాషణలు మా యాసలో రాస్తే ఇతర ప్రాంతాలవారు చదవరని ఒక స్నేహితురాలు, యాస లేకపోతే అది సీమ నవలే కాదని మరొకరు అంటున్నారు. మొదటి అధ్యాయం జతపరిచాను. దయచేసి సలహా ఇవ్వగలరు.
– ఒక పాఠకురాలు, కళ్యాణదుర్గం

జవాబు: మీరు పంపిన అధ్యాయం రెండుసార్లు చదివాను. వాక్యం మీద మీకు మంచి పట్టు ఉంది. తొమ్మిదిసార్లు తిరగరాయడం వల్ల వచ్చిన నునుపు కూడా కనిపిస్తోంది. నిజం చెప్పాలంటే నాకు అనుమానం కలిగించింది ఆ నునుపే. మీకు తెలిసిన ఊరు అయిపోయి, తెలియని నగరం మొదలయ్యే చోట మీ కలం ఆగింది. దానికి మందు వెనక్కి వెళ్లి మొదటి అధ్యాయాన్ని పదోసారి దిద్దడం కాదు. అనంతపురం నుంచి బెంగళూరు రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు దూరమే. మీ ఊరి నుంచి వెళ్లినవారు అక్కడ ఏ పని చేస్తున్నారో, మొదటి రాత్రి ఎక్కడ పడుకున్నారో, నీళ్లు ఎక్కడి నుంచి పట్టుకున్నారో, మొదటి కూలి డబ్బు దేనికి ఖర్చుపెట్టారో నలుగురిని అడిగి రండి. మూడో అధ్యాయానికి కావలసిన సరుకు అందులోనే దొరుకుతుంది.

అయితే తెలిసిన ఊరినైనా మీరు దగ్గరగా చూశారా అన్నది నా అసలు సందేహం. "వారం రోజుల్లో పంటంతా ఎండిపోయింది. నాన్న కుమిలిపోయాడు" అని రాశారు. మీ ప్రాంతంలో పుట్టినవారికి నేను చెప్పనక్కరలేదు గానీ, శెనక్కాయ పంట వారంలో పోయేది కాదు. వాన చూసుకొని విత్తనం వేస్తారు. నెల రోజులకు అటూఇటూగా పూత వస్తుంది. ఆ తరువాత పూల నుంచి ఊడలు నేలలోకి దిగితేనే కాయ కడుతుంది. సరిగ్గా ఆ ఊడలు దిగే వేళకు వాన మొహం చాటేస్తే నేల గట్టిపడి ఊడ లోపలికి దిగలేదు. చెట్టు మాత్రం పచ్చగానే ఉంటుంది. దారినపోయేవారికి పంట బాగున్నట్టే కనిపిస్తుంది, పోయిందన్న సంగతి రైతుకు మాత్రమే తెలుస్తుంది. ఇంతకంటే మంచి ఘట్టం నవలా రచయితకు ఎక్కడ దొరుకుతుంది? ఆ తండ్రి ఒక సాయంత్రం చేనిలో కూర్చొని ఒక్క చెట్టు పీకి, వేళ్ల మన్ను దులిపి, కాయలు లెక్కపెట్టి, ఒకటి చిదిమి చూసి, మిగిలినవి జేబులో వేసుకొని ఇంటికి వచ్చి, ఎవరికీ చెప్పకుండా అన్నానికి కూర్చున్నాడని రాయండి. "కుమిలిపోయాడు" అన్న మాట కొట్టివేయవచ్చు. పైగా విత్తు నుంచి కోత దాకా దాదాపు నాలుగు నెలల గడువు మీ చేతికి వస్తుంది. ఆశ, ఎదురుచూపు, అప్పు, పెళ్లి మాటలు, అన్నీ ఆ గడువులో ఇమిడిపోతాయి.

యాస విషయంలో మీ స్నేహితులిద్దరూ చెరిసగం సరిగ్గా చెప్పారు. మీ అధ్యాయంలో తండ్రి, "ఈ సంవత్సరం పంట చేతికి రాదు కాబట్టి మనం బెంగళూరు వెళ్లవలసి ఉంటుంది" అంటాడు. ఇందులో యాస లేకపోవడం చిన్న లోపం; అంత పెద్ద నిర్ణయాన్ని అంత తేటగా, కారణంతో సహా, పిల్లల ముందు ప్రకటించడం పెద్ద లోపం, ఏ తండ్రీ అలా ప్రకటించడు. "ఆ గొర్రు ఎవరికన్నా ఇచ్చేస్తే పనికొచ్చాది" అని మాత్రం అననివ్వండి. విత్తనం వేసే గొర్రును ఇచ్చేస్తానంటున్నాడంటే తల్లికి అర్థమవుతుంది, పాఠకుడికీ అర్థమవుతుంది. "పనికొచ్చాది" అన్న ఒక్క క్రియ మనిషి ఏ ప్రాంతం వాడో చెప్పేసింది. ప్రతి మాటనూ పలికినట్టే రాయాలన్న పట్టుదల వద్దు. క్రియల చివరలు, "నాయనా", "జేజి" వంటి పిలుపులు, పనిముట్ల పేర్లు చాలు. కథనం మీకు అలవాటైన భాషలోనే సాగనివ్వండి. ఇతర ప్రాంతాలవారు చదవరన్న భయం అసలే అక్కరలేదు. కడప జిల్లా కథకుడు కేతు విశ్వనాథరెడ్డికి 1996లో కథలకు, అనంతపురం రచయిత బండి నారాయణస్వామికి 2019లో నవలకు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారాలు వచ్చాయి; ఇద్దరూ రాసింది ఈ నేల గురించే.

రోజుకు మూడు వందల మాటలు రాస్తే రెండు వందల రోజుల్లో అరవై వేల మాటలవుతాయి. నవలకు అది సరిపోయే నిడివి. చివరి అధ్యాయం ముగిసేవరకు మొదటిది తెరవవద్దు. కాకపోతే పక్కన ఒక నోటుపుస్తకం పెట్టుకొని ఏ అధ్యాయంలో ఏ నెల, ఎవరి వయసు ఎంత, ఎవరికి ఎంత అప్పు అన్నవి రాసుకోండి. నేను ఆ పని చేయక నవ్వులపాలయ్యాను. నా మొదటి నవలలో ఏడో అధ్యాయంలో ఎండిపోయిన బోరు పదకొండో అధ్యాయంలో ధారగా నీళ్లు పోసింది. నేనూ గమనించలేదు, అచ్చువేసినవారూ గమనించలేదు. పులివెందుల వైపు నుంచి ఒక రైతు కార్డు రాశాడు: "అయ్యా, ఆ బోరు వేసినవారి చిరునామా పంపగలరు." ఆ కార్డు ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంది.

ప్రశ్న: శ్రీశైలం జలాశయంలో మునిగిన మా పూర్వీకుల ఊరి మీద నవల రాయాలని ఉంది. నేను ఆ తరువాత పుట్టినవాణ్ణి. చూడని ఊరి గురించి రాసే అర్హత నాకు ఉందా?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: అర్హత గురించి మథనపడకండి, ఊరి పటం గీయండి. జలాశయం పూర్తి మట్టం 885 అడుగులు. నీరు అంతకు బాగా దిగిపోయాక, వేసవిలో, సంగమేశ్వరం గుడి బయటపడుతుంది. ఆ రోజుల్లో ఒకసారి వెళ్లి, నీరు తీసిన నేల ఎలా ఉంటుందో, కాలి కింద బురద ఎలా పగులుతుందో చూసి రండి. అంతకంటే ముందు చేయవలసిన పని ఒకటుంది. మీ ఇంట్లో ఆ ఊరిని చూసిన పెద్దలు ఎవరైనా ఉంటే ఈ ఆదివారమే పక్కన కూర్చొని, బావి దగ్గరి నుంచి మీ ఇంటికి రావాలంటే ఎవరెవరి గడపలు దాటవలసి వచ్చేదో వరుసగా చెప్పమనండి.