రెండు స్ట్రాట్‌ఫర్డ్‌లు, ఒక పాత బాట

ప్రశ్న: లండన్‌లో మా అబ్బాయి ఉండే పేట పేరు స్ట్రాట్‌ఫర్డ్. షేక్‌స్పియర్ పుట్టిన ఊరూ స్ట్రాట్‌ఫర్డే. ఒక ఊరివాళ్లు వలసవెళ్లి రెండో ఊరు కట్టుకున్నారా? – ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: లేదండీ. ఈ రెండు ఊళ్లకూ బంధుత్వం లేదు. రెండింటి పక్కనుంచీ రోమన్లు వేసిన బాట సాగింది, అంతే. క్రీ.శ. 43లో బ్రిటన్‌పై దండెత్తిన రోమన్లు దాదాపు 410 వరకు అక్కడ పాలన సాగించి, సైన్యం నడవడానికి గట్టి బాటలు వేశారు. రాళ్లు పరిచిన బాటను లాటిన్‌లో ‘స్ట్రాటా’ అనేవారు. తరువాత వచ్చిన ఆంగ్లో-సాక్సన్లు ఆ మాటను ‘స్ట్రాట్’గా పలికారు, నేటి ‘స్ట్రీట్’ దాని వారసురాలే. ‘ఫర్డ్’ అంటే నదిని నడిచి దాటే రేవు. కనుక స్ట్రాట్‌ఫర్డ్‌ను మన మాటలో ‘బాటరేవు’ అనవచ్చు. షేక్‌స్పియర్ ఊరిలో ఆ రేవు ఏవన్ నది మీదిది. మీ అబ్బాయి పేట దగ్గర, లండన్ నుంచి కోల్చెస్టర్ వెళ్లే రోమన్ బాట లీ నదిని దాటేది. పన్నెండో శతాబ్దం మొదట్లో అక్కడికి కొంత దిగువన విల్లులా వంగిన రాతివంతెన కట్టి బాటను అటు మళ్లించారు. ఆ వంతెన వల్లనే పక్క పేటకు ‘బో’ (విల్లు) అన్న పేరు వచ్చింది. పాతరేవు చోటు ఇప్పటికీ ‘ఓల్డ్ ఫర్డ్’.

మాంచెస్టర్ దగ్గరి స్ట్రెట్‌ఫర్డ్ కూడా ఇదే పేరు. ఆ ప్రాంతపు యాసలో అచ్చు మారింది. బాట పక్కన వెలసిన పల్లె స్ట్రెటన్ అయింది, దక్షిణ లండన్‌లో స్ట్రెథమ్ అయింది. ఇంగ్లండ్ ఉత్తరాదిన మాత్రం మరో చిక్కు ఉంది: యార్క్ నగరంలో ‘గేట్’ అని ముగిసే వీధిపేర్లు ద్వారాలను సూచించవు, ఎందుకంటే అది స్కాండినేవియా నుంచి వచ్చి అక్కడ స్థిరపడిన వైకింగుల ‘గాటా’, అంటే వీధి. అక్కడ కోట ద్వారాన్ని ‘బార్’ అంటారు.

అయితే నేటి స్పెల్లింగ్ చూసి అర్థం చెప్పుకోవడం నాకు నచ్చని పని. ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని సాల్ఫర్డ్ పేరు ‘ఉప్పు రేవు’: డ్రోయిట్‌విచ్ ఉప్పుబావుల నుంచి ఉప్పు మోసుకెళ్లేవారి దారిలో ఉంది. మాంచెస్టర్ పక్కనున్న సాల్ఫర్డ్‌కు ఉప్పుతో పని లేదు. అది ‘విల్లో’ అనే, నీటి ఒడ్డున పెరిగే చెట్ల రేవు.