హోటల్లో మోగే పాట మీ వీడియోలో వినిపిస్తే?

ప్రశ్న: మేము రాజమహేంద్రవరంలో ఉంటున్న నలుగురు మిత్రులం. రైతు బజారు, ఆర్టీసీ కాంప్లెక్స్, ఒక పాత కాఫీ హోటలు, క్షౌరశాల, గోదావరి గట్టు, కడియపులంక పూల మార్కెట్టు వంటి రోజూ చూసే చోట్ల గురించి నాలుగైదు నిమిషాల వీడియోలు, విడిగా ఆడియో కథనాలు చేసి యూట్యూబులో పెట్టాలనుకుంటున్నాం. ఎవరి అనుమతులు కావాలి? కనిపించే ప్రతి మనిషి దగ్గరా సంతకం తీసుకోవాలా? హోటల్లో మోగే సినిమా పాట వినిపిస్తే ఇబ్బందా? రేపు ఏదైనా చానల్ కొంటామంటే హక్కు ఎవరిది?

జవాబు: మీరు అనుమతుల సంగతి ముందు అడిగారు గాని, ఇలాంటి పనుల్లో దృశ్యం కంటే శబ్దమే ఎక్కువ చిక్కు తెచ్చిపెడుతుంది. అందుచేత దృశ్యాల సంగతి ముందుగా చెప్పేసి, వెంటనే పాట విషయానికి వస్తాను.

దృశ్యాల విషయంలో 1957 నాటి కాపీరైట్ చట్టం, 52వ సెక్షన్ కింద, మీకు మంచి వెసులుబాటే ఇచ్చింది. బహిరంగ ప్రదేశంలోగాని, ప్రజలు రాకపోకలు సాగించే ఆవరణలోగాని శాశ్వతంగా ఉన్న కళాకృతిని చలనచిత్రంలో చేర్చినా, మరే కళాకృతి అయినా కేవలం నేపథ్యంలో కనిపించినా అది ఉల్లంఘన కిందికి రాదు; కాబట్టి గట్టు మీది విగ్రహాలు, హోటలు గోడకు వేలాడే దేవుడి పటాలు, వీధి మలుపులో అంటించిన సినిమా పోస్టరు మీ వీడియోలో పడినందుకు భయపడనక్కరలేదు. అయితే ఈ మినహాయింపు చిత్రాలు, శిల్పాలు, కట్టడాల వంటి కళాకృతులకే పరిమితం. హోటల్లో మోగుతున్న పాటకు గాని, అక్కడి టీవీలో నడుస్తున్న సినిమాకు గాని ఇది వర్తించదు. గోడ మీది పోస్టరుకు ఉన్న మినహాయింపు ఆ పక్కనే మోగే పాటకు లేకపోవడం వింతగా తోచవచ్చు. చట్టం మాత్రం అలాగే ఉంది. ఇంకొక చిన్న మెలిక కూడా చెప్పాలి. గోడ మీద వేసిన బొమ్మను వీడియోలో చూపడానికి మినహాయింపు ఉన్నా, విడిగా ఫొటో తీసి వాడుకోవడానికి ఉన్న మినహాయింపు శిల్పాలకు, కట్టడాలకు, హస్తకళాకృతులకే వర్తిస్తుంది. కనుక ఎవరో చిత్రకారుడు వేసిన గోడ బొమ్మను ఫొటో తీసి వీడియో ముఖచిత్రంగా పెట్టుకోవద్దు.

ఇక పాట. ఒక సినిమా పాటలో సాహిత్యానికి, బాణీకి, రికార్డింగుకు వేరువేరు హక్కులుంటాయి. అది రేడియోలో వస్తుంటే ప్రసార సంస్థకు మరొక హక్కు ఉంటుంది. పది సెకన్ల లోపు వాడుకోవచ్చన్న మాట చాలామంది నోట వింటుంటాను. అలాంటి కొలత మన చట్టంలో ఎక్కడా లేదు. అతి స్వల్పమైన వాడకాన్ని పట్టించుకోనక్కరలేదన్న సూత్రాన్ని ఇండియా టీవీ, యశ్‌రాజ్ ఫిల్మ్స్ వివాదంలో ఢిల్లీ హైకోర్టు డివిజన్ బెంచి 2012లో ఆమోదించిన మాట నిజమే గాని, అది దావా పడ్డాక చేసుకునే వాదన. దాన్ని నమ్ముకుని షూటింగుకు బయలుదేరకూడదు. పైగా వ్యవహారం కోర్టుకు చేరకముందే యూట్యూబులోని యాంత్రిక తనిఖీ మీ వీడియోను ఆపివేయవచ్చు, లేదా దానిపై వచ్చే ఆదాయాన్ని పాట హక్కుదారుకు మళ్లించవచ్చు. భక్తిగీతాలకు ఈ బెడద లేదనుకోకండి. అన్నమయ్య సంకీర్తన పదాల మీద ఈనాడు ఎవరికీ కాపీరైటు లేదు. కానీ దానికి మన కాలపు స్వరకర్త కట్టిన బాణీ మీద ఆయన జీవితకాలమూ ఆ తరువాత 60 ఏళ్లూ, రికార్డింగు మీద అది విడుదలైన మరుసటి సంవత్సరం మొదలు 60 ఏళ్లూ హక్కు నిలిచి ఉంటుంది.

అందువల్ల మాటలు రికార్డు చేసే ఆ కాసేపు పాట ఆపమని హోటలు యజమానిని ముందే కోరండి. మాటలో పాట కలిసిపోయాక పాటను తీసేయబోతే మాట కూడా చెడుతుంది. గ్లాసుల చప్పుడు, "రెండు కాఫీ" అని సర్వరు వేసే కేక, కత్తెర సవ్వడి, పూల మార్కెట్టులో వేలంపాట గోల ఇవేవీ ఎవరి కాపీరైటూ కావు. వాటిని విడిగా, తీరిగ్గా రికార్డు చేసుకోండి. ఆడియో కథనానికి అంతకు మించిన సరుకు దొరకదు.

హరిదాసు, గంగిరెద్దుల వాద్యకారుడు, బుర్రకథకుడు మీ కథనంలో పాడితే వారికి చట్టం ప్రకారం ప్రదర్శకుల హక్కు ఉంటుంది. ఆ నిర్వచనంలో పాములవాణ్ణి, గారడీవాణ్ణి కూడా పేరుపెట్టి చేర్చారు. లిఖితపూర్వకంగా ఒప్పుకున్న ప్రదర్శకుడు, ఒప్పందంలో వేరే షరతు లేకపోతే, నిర్మాత ఆ చిత్రాన్ని వాడుకోవడానికి తరువాత అభ్యంతరం చెప్పలేడు. అయితే వాణిజ్యపరంగా వాడుకుంటే ప్రతిఫలం కోరే హక్కు అతనికి మిగిలే ఉంటుంది. దారిన పోయే కళాకారుడే కదా అని ఈ కాగితాన్ని వదిలేయడం నాకు న్యాయంగా తోచదు.

స్థలాల అనుమతుల సంగతి క్లుప్తంగా చెబుతాను. చేతి కెమెరాతో రోడ్డు మీద నిలబడి తీయడాన్ని సాధారణంగా ఏ చట్టమూ నిషేధించదు గాని, ట్రైపాడ్ వేసి దారికి అడ్డుపడితే భారతీయ న్యాయ సంహిత 285వ సెక్షన్ కింద 5,000 రూపాయల వరకు జరిమానా పడవచ్చు. రైతు బజారులో ఎస్టేట్ ఆఫీసరు నుంచి, బస్సు కాంప్లెక్సులో ఆర్టీసీ అధికారుల నుంచి, హోటలు, క్షౌరశాలలలో యజమాని నుంచి రాతపూర్వక అనుమతి తీసుకోండి. వంతెన దృశ్యం కోసం రైలు పట్టాల మీదికి మాత్రం వెళ్లకండి. రైల్వే చట్టం 147వ సెక్షన్ ప్రకారం దానికి ఆరు నెలల వరకు జైలుశిక్ష ఉంది.

మనుషుల విషయంలో, గుంపులో కనిపించి వెళ్లిపోయే ప్రతి ముఖానికీ సంతకం అవసరం లేదు. కథనం ఎవరి చుట్టూ నడుస్తుందో, ఎవరు మాట్లాడతారో వారి సమ్మతి తప్పనిసరిగా తీసుకోండి. వ్యక్తి గోప్యత రాజ్యాంగం ఇచ్చిన ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017లో పుట్టస్వామి తీర్పులో చెప్పిన తరువాత ఈ జాగ్రత్త మరింత అవసరమైంది. సమ్మతి పత్రం తెలుగులోనే ఉండాలి. చదవలేని వారికి దాన్ని చదివి వినిపించి, వారు ఒప్పుకుంటున్న మాటను కెమెరా ముందు రికార్డు చేయండి. అర్థంకాని ఇంగ్లీషు ఫారం మీద వేలిముద్ర వేయించుకుంటే వివాదం వచ్చినప్పుడు అది మీకు అక్కరకు రాదు. 18 ఏళ్లు నిండనివారి సంతకం ఒప్పందంగా చెల్లదు కనుక తల్లిదండ్రుల సంతకం ఉండాలి. స్నానఘట్టాల దగ్గర కెమెరాను నదివైపో, మెట్లవైపో తిప్పేముందు ఎవరు ఏ స్థితిలో ఉన్నారో చూసుకోండి. ఏకాంతం ఉంటుందని నమ్మదగిన చోట ఉన్న స్త్రీని అలాంటి స్థితిలో చిత్రీకరించడం భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద నేరం, మొదటి నేరానికే ఏడాది నుంచి మూడేళ్ల వరకు శిక్ష. ఇంకొక మాట: కూరగాయల వ్యాపారి ఫలానా అధికారి లంచం అడిగాడని పేరుపెట్టి చెబితే, ఆ మాట అతనిదే అయినా ప్రచురించింది మీరు గనుక పరువునష్టం దావాలో మీరూ ప్రతివాదులవుతారు. రుజువు చేతిలో లేనిదే ఆ భాగాన్ని ఉంచకండి.

చివరిగా హక్కు ఎవరిదన్న ప్రశ్న. చలనచిత్రానికి, శబ్ద రికార్డింగుకు చట్టం దృష్టిలో కర్త నిర్మాతే. నిర్మాత అంటే ఆ పనికి చొరవ, బాధ్యత తీసుకున్న వ్యక్తి. నలుగురూ కలిసి చేస్తున్నప్పుడు ఆ వ్యక్తి ఎవరో రాసుకోకపోతే, చానల్ డబ్బుతో వచ్చిన రోజునే తగవు మొదలవుతుంది. నలుగురూ సమాన నిర్మాతలా, ఒకరే నిర్మాతై మిగతావారికి వాటాలా అన్నది మొదటి షూటింగుకు ముందే ఒప్పందంగా రాసి సంతకాలు చేయండి. చానల్‌కు హక్కులు బదిలీ చేసేటప్పుడు కూడా కాగితం తప్పనిసరి, ఎందుకంటే కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం రాతలో లేని బదిలీ చెల్లదు. ఆ పత్రంలో గడువు రాయకపోతే అయిదేళ్లుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకేగా చట్టం భావిస్తుంది. మీకు ఆ లోటు కొంత లాభమే గనుక, చానల్‌వారు పంపే ముసాయిదాలో "శాశ్వతంగా, ప్రపంచమంతటా" అన్న మాటలు ఉన్నాయేమో చూసి, ఉంటే ధర దానికి తగినట్లు అడగండి.