బొడ్డుతాడు రక్తం దాచకపోతే బిడ్డకు అన్యాయం చేసినట్టా?

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. తొలి కాన్పు, ఇప్పుడు ఏడో నెల. స్కానింగ్‌కు వెళ్లినప్పుడు ఓ కంపెనీ వాళ్లు కలిశారు. బొడ్డుతాడు రక్తం భద్రపరిస్తే అందులోని మూలకణాలతో రేపు బిడ్డకు ఏ జబ్బొచ్చినా నయం చేయొచ్చన్నారు. పక్షవాతంతో ఉన్న మా మామయ్యకూ పనికొస్తుందట. మావారు వద్దంటున్నారు, నాకేమో టెన్షన్‌గా ఉంది. అసలీ మూలకణాలంటే ఏమిటి?
– ఓ సోదరి, ఖమ్మం

జవాబు: మీవారి మాటే నా మాట కూడానమ్మా. ఎందుకో చెబుతాను.

ఎర్ర రక్తకణం బతికేది దాదాపు 120 రోజులు. దానికి కేంద్రకం ఉండదు కాబట్టి తనంతట తాను రెండుగా విడిపోలేదు. అందుకే ఎముక మూలుగ సెకనుకు సుమారు 20 లక్షల కొత్త కణాలను తయారుచేస్తూనే ఉంటుంది. అక్కడున్న మూలకణాల పనే ఇది. మనం పెరుగంతా తినేయకుండా రేపటి తోడుకు చెంచాడు తీసిపెడతాం చూడండి, అలాగన్నమాట. మూలకణం విడిపోయినప్పుడు ఒకటి మూలకణంగానే మిగిలి, రెండోది ఇంకొన్నిసార్లు విభజన జరిగాక ఎర్రకణమో, తెల్లకణమో, ప్లేట్‌లెట్టో అవుతుంది.

మెదడులో నాడీకణాలు అలా కాదు. ఒకసారి తయారయ్యాక అవి విడిపోవు. చర్మం మీద గాయం పూడినట్టు పక్షవాతం దెబ్బ పూడకపోవడానికి అదే ముఖ్య కారణం. బొడ్డుతాడు రక్తంలో ఉండేవి ప్రధానంగా రక్తాన్ని తయారుచేసే మూలకణాలు. అవి మీ మామయ్యగారి కాలూచేయీ ఆడిస్తాయన్నది రుజువు కాని మాట. దేశంలో వైద్య పరిశోధనను చూసే ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాలు కూడా రక్తానికి సంబంధించిన జబ్బులకు చేసే మూలకణ మార్పిడినే ప్రామాణిక చికిత్సగా ఒప్పుకున్నాయి. ఆయనకు ఫిజియోథెరపీ మానకుండా చేయించండి.

ఇక బిడ్డ సంగతి. అసలు తిరకాసు ఇక్కడే ఉంది. తలసీమియా లాంటి రక్తపు జబ్బు జన్యువుల్లోనే ఉండే లోపం. బిడ్డకు అది ఉంటే దాచిన రక్తంలోనూ ఉంటుంది. పులిసిన తోడు దాచుకున్నట్టే కదా! 1988లో పారిస్‌లో తొలిసారి బొడ్డుతాడు రక్తంతో చికిత్స చేసింది ఫాంకోని ఎనీమియా (మూలుగ రక్తం సరిగా తయారుచేయలేని పుట్టుజబ్బు) ఉన్న ఐదేళ్ల బాబుకు. ఎక్కించింది వాడి రక్తం కాదు, అప్పుడే పుట్టిన చెల్లెలిది.

కాబట్టి ఇంట్లో పెద్దబిడ్డకు అలాంటి జబ్బుంటే తర్వాతి కాన్పులో దాచడం గురించి హెమటాలజిస్టుతో (రక్త వ్యాధుల డాక్టరుతో) మాట్లాడాలి. తోబుట్టువుల కణాలు ఒకరివి ఒకరికి పూర్తిగా సరిపోయే అవకాశం నాలుగింట ఒక వంతు ఉంటుంది. మీకు ఆ అవసరం లేదు.

ఇంకొకటి ఎవరూ చెప్పరు. బిడ్డ బయటికొచ్చాక కూడా బొడ్డుతాడు పట్టుకుంటే వేళ్ల కింద నాడిలా కొట్టుకుంటూనే ఉంటుంది. కాసేపటికి ఆ కొట్టుకోవడం ఆగి, తాడు తెల్లబడి మెత్తబడుతుంది. ఈలోగా మాయలోని రక్తం కొంత బిడ్డలోకి చేరిపోతుంది. కనీసం ఒక నిమిషమైనా ఆగి తాడు కత్తిరించమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది ఇందుకే. తొలి నెలల్లో బిడ్డకు ఐరన్ నిల్వలు బాగుంటాయి. కంపెనీ వాళ్లు రక్తం పట్టే సంచి నిండాలంటే మాత్రం తొందరగా తాడుకు క్లాంప్ (బిగించే క్లిప్పు) వేయాలి. ఆ కాస్త రక్తం ఆ సంచిలో కంటే మీ బిడ్డ ఒంట్లో ఉండటమే మంచిదంటాను.

ఈసారి చెకప్‌కు వెళ్లినప్పుడు, తాడు కాస్త ఆగి కత్తిరించమని మీ డాక్టరమ్మను అడగండి. మీ ఐరన్ మాత్రలు మాత్రం మానకండి.